వేరే గిన్నె

టాటానగర్ దగ్గర బాగ్‌బేరా రైల్వే కాలనీలో సూర్యం ఇంట్లో అందరికంటే పెద్దపీట ఎవరిదంటే డైనింగ్ టేబుల్‌దే. రెండు గదుల క్వార్టరు. ముందు గది నిండా ఆ టేకు బల్ల, దాని చుట్టూ ఆరు కుర్చీలు. ఇక మనుషులు అటూ ఇటూ తిరగాలంటే గోడకి వీపు రాసుకుంటూ పోవాల్సిందే. ఇంజను మీద అసిస్టెంటుగా చేరిన కొత్తలో, ఒంటిమీద మంచి చొక్కా అయినా కొనుక్కోకుండా, మొదటి జీతాలు దాచి కొన్నాడట ఆ బల్లని. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఒకటే చట్టం. ఎవరు తిన్నా బల్ల దగ్గర కూర్చునే తినాలి, నేల మీద కంచం పెట్టకూడదు.

ఈ చట్టంతో ఎక్కువ అవస్థ పడింది వాళ్ళమ్మ చిలకమ్మ. పొట్టి మనిషి, కుర్చీ ఎక్కితే కాళ్ళు నేలకి ఆనవు. అందుకే కొడుకు గూడ్సు బండి తోలుకుంటూ రూర్కెలా వైపు వెళ్ళిన రోజుల్లో వంటింట్లో చాప వేసుకుని, కాళ్ళు బారజాపుకుని హాయిగా తినేది. కోడలు రజని చూసీ చూడనట్టు ఊరుకునేది. సూర్యానికి తెలియదా అంటే తెలుసు. తెలిసినట్టు ఒప్పుకోడంతే.

మే నెల. పొద్దున్న ఎనిమిది దాటేసరికే రేకుల మీద ఎండ పేలిపోతోంది. రాత్రి డ్యూటీ దిగి, స్నానం చేసి, సూర్యం బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతున్నాడు. మంచి హుషారులో ఉన్నాడు. వచ్చే దారిలో పాల బూత్ దగ్గర ఎవరో అడిగారు, మీ అమ్మాయి ఎక్కడుందని. అడగడమే ఆలస్యం! జపాన్ టూరు గురించి అరగంట చెప్పాడు. అక్కడి కొండలు, అక్కడి గుళ్ళు, సెకను తేడా రాని అక్కడి రైళ్ళు. తన కళ్ళతో చూసొచ్చినవాడైనా అంత చెప్పలేడు.

వాళ్ళకి ఒక్కతే కూతురు, వెన్నెల. పాతికేళ్ళు నిండలేదింకా. ఆదిత్యపూర్‌లో బండ్ల విడిభాగాల కంపెనీలో లెక్కలు రాసే ఉద్యోగం చేసి, సినిమాలు మానుకుని, బట్టలు మానుకుని డబ్బు దాచుకుంది. ఒక రోజు తన నడుమంత ఎత్తున్న సంచీ తెచ్చి ఈ బల్ల మీదే పెట్టి, "నాన్నా, జపాన్ చూసొస్తాను" అంది. సూర్యం మొదట ససేమిరా అన్నాడు. రజని నచ్చచెప్పింది. చివరికి తనే టాటానగర్ స్టేషన్‌కి వెళ్ళి, సంచీ మోసి, రైలెక్కించి వచ్చాడు. అప్పట్నుంచీ అతను ఆ "టూరు" అనే మాట చెప్పని ఇల్లు కాలనీలో లేదు.

ఫోను టింగుమంది. కూతురు ఫోటో పంపింది.

సూర్యం కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. చూస్తూ చూస్తూ టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. ఫోటోలో వెన్నెల నేల మీద చాపలాంటిదాని మీద కాళ్ళు మడుచుకుని కూర్చుంది. తలకి తువ్వాలు కట్టుకుంది. చెంప మీద ఎండిన బురద చార. చేతిలో గిన్నె. దాన్ని నోటి దాకా ఎత్తి అన్నం తింటోంది. పక్కన ఎవరూ లేరు, వెనకాల చెక్క గోడ ఒక్కటే.

"రజనీ! ఏటిది?"

రజని వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఫోటో చూసి, పాపం తల్లి కదా, ముచ్చటపడిపోయి నోరు జారింది. "అయ్యో, ఎంత నల్లబడిపోనాదో సూడండి. ఇప్పుడే పొలంలోంచి వచ్చినట్టున్నాది, బురదైనా సరిగ్గా కడుక్కోలేదు."

"ఏ పొలం?"

రజని నాలుక కరుచుకుంది. ఇక దాచి లాభం లేదని తెలిసిపోయింది. తలొంచుకుని చెప్పేసింది. పిల్ల దగ్గర డబ్బు అన్ని రోజులకి చాలదట. అక్కడ రైతుల ఇళ్ళల్లో ఉండి కాస్త పొలం పని చేస్తే వాళ్ళే గది ఇచ్చి తిండి పెడతారట. ఎన్నో దేశాల పిల్లలు అలాగే తిరుగుతారట.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు. మీకు సెప్తే పంపుదురా?"

సూర్యం ముఖం కందగడ్డలా అయిపోయింది. అప్పటికప్పుడు కూతురికి ఫోను కలిపాడు.

"నాన్నా! ఫోటో చూశారా?" అవతల్నుంచి వెన్నెల గొంతు గలగలమంది.

"ఎక్కడున్నావు నువ్వు?"

ఆ గొంతులోని తేడా పిల్లకి అందింది. "అమ్మ చెప్పేసిందా? వచ్చాక నేనే చెబుదామనుకున్నాను నాన్నా. నగానో అనే చోట ఒక పల్లెటూళ్ళో ఉన్నాను. ఫుమికో గారని పెద్దావిడ, వాళ్ళబ్బాయి, కోడలు, వాళ్ళదే ఈ పొలం. పొద్దున్న నాట్లేస్తాను. మధ్యాహ్నం నుంచి నా ఇష్టం, సైకిలేసుకుని ఊళ్ళు తిరుగుతాను. ఎంత బాగుందో తెలుసా! హోటల్లో దిగితే ఇవన్నీ కనిపిస్తాయా?" అంది.

"జీతం?"

"జీతం ఉండదు నాన్నా. పని చేస్తాం, గది ఇస్తారు, భోజనం పెడతారు. అదే పద్ధతి."

"అంటే తిండికి పని చేస్తున్నావు."

"హా, అలాగే అనుకోండి" అని నవ్విందా పిల్ల. పాపం, ఆ మాట ఎక్కడ తగిలిందో దానికేం తెలుసు!

సూర్యం అక్కడితో వదల్లేదు. "నేల మీద కూర్చోబెట్టి పెడుతున్నారు. గిన్నె కూడా వేరేనా?"

"అరే, మీకెలా తెలుసు?" వెన్నెల గొంతు మళ్ళీ వెలిగింది. "అవును నాన్నా! నాకని వేరే గిన్నె పెట్టారు. అందులో ఇంకెవ్వరూ తినరు!"

అంతే. సూర్యం కుర్చీలోంచి లేచిన విసురుకి టీ గ్లాసు బోర్లా పడింది. "సిగ్గు లేదూ నీకు? దాన్ని నవ్వుతూ చెబుతున్నావా? టికెట్ మార్పించుకో. ఆదివారం కల్లా నువ్వు ఇంట్లో ఉండాలి. లేదంటే నీకు నాన్న లేడనుకో!"

"నాన్నా, సునియే తో... మైంనే క్యా గలత్ కియా?" కోపమొచ్చినా ఏడుపొచ్చినా ఆ పిల్లకి బళ్ళో అలవాటైన హిందీయే ముందొస్తుంది. తన తప్పేమిటో చెప్పమంటోంది. వెన్నెల ముక్కు ఎగబీల్చుకుంది. తర్వాత గొంతు స్థిమితం చేసుకుని ఒక్కో మాటా స్పష్టంగా చెప్పింది. "నాట్లు సగంలో ఉన్నాయి. అయ్యేదాకా ఉంటానని మాటిచ్చాను. సగంలో వదిలేసి రాను నాన్నా. మీరైతే బండిని లైను మధ్యలో వదిలేసి దిగిపోతారా?"

సూర్యం ఫోను కట్ చేశాడు.

ఎదురు చెప్పినందుకు కోపం వచ్చింది నిజమే. కానీ ఆ కోపంలో కూడా, దూరదేశంలో ఒంటరిగా ఉండి, ఏడుపు మింగుకుని, ఇచ్చిన మాట కోసం అలా నిలబడిన పిల్లని తలుచుకుని అతని ఛాతీలో ఏదో ఉప్పొంగింది. దాన్ని వెంటనే నొక్కేసుకున్నాడు.

వెనక గదిలోంచి చిలకమ్మ వచ్చింది. "ఏటిరా ఆ కేకలు? గుంటకేటైనాది?"

"ఏటీ అవలేదు. నీ మనవరాలు జపాన్ ఎల్లి, నేల మీద కూకుని, ఏరే గిన్నిలో తింటా కంబారితనం చేస్తంది."

కంబారి అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ నోటితో అనగా రజని వినలేదు. టాటాలో పుట్టి టాటాలో పెరిగిన మనిషి, దాని అర్థమే తెలియదావిడకి. అత్తగారి ముఖం చూసి మాత్రం బెదిరిపోయింది. చిలకమ్మ గోడ పట్టుకుని, మెల్లగా కుర్చీ ఎక్కి కూర్చుంది.

కంబారి అంటే శ్రీకాకుళం వైపు పల్లెల్లో, తిండికీ గుడ్డకీ ఒక కామందు ఇంటికి కట్టుబడి పొలం పని చేసే మనిషి. సూర్యం తండ్రి పోలరాజు కంబారి. పోలరాజు తండ్రీ కంబారే. ఒక పొద్దున్న పశువుల్ని మేతకి తోలుకెళ్ళిన పోలరాజు, వాటిని చెరువు గట్టున ఒగ్గేసి, నడుచుకుంటూ నౌపడా స్టేషన్‌కి పోయి కనబడిన రైలెక్కేశాడు. ఆ రైలూ ఈ రైలూ పట్టుకుని టాటానగర్‌లో తేలాడు. పట్టాలు మోసే కూలీగా చేరి, గ్యాంగ్‌మన్ అయ్యి, కొడుకుని ఇంజను ఎక్కించాడు. ఇదంతా సూర్యం కూతురికి ఎప్పుడూ చెప్పలేదు. మీ తాత రైల్వే ఉద్యోగి అని మాత్రం చెప్పాడు.

"మా నాన్న దేన్నుంచి పారిపోయి వచ్చాడో, నా కూతురు సొంత డబ్బు పెట్టుకుని ఇమానం ఎక్కి మరీ అక్కడికే పోయింది" అన్నాడు సూర్యం. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇక నేనీ బల్ల ఎందుకు కొన్నట్టమ్మా?"

చిలకమ్మ బల్ల మీద ఒలికిన టీ కొంగుతో తుడిచింది. తర్వాత అంది, "నువ్వు రూర్కెలా ఎల్లినప్పుడు ఆ రన్నింగ్ రూములో తినవేటిరా? డ్యూటీ సేసి, ఆళ్ళు ఎట్టిన కూడు తిని, ఆళ్ళు ఏసిన మంచం మీద తొంగోవా? అది ఎవుడి కంబారితనం?"

"అది ఉద్యోగమమ్మా! జీతమిస్తారు!"

"జీతం సంగతి ఒగ్గీ. మీ నాన్న ఎప్పుడైనా నాట్లేసినందుకు ఏడిసినాడా? నేల మీద కూకున్నందుకు ఏడిసినాడా? నాట్లంటే పేణం ఆ మడిసికి. రిటైరయినాక కూడా ఆ యార్డు పక్కన జానెడు మట్టి కనబడితే తోటకూర జల్లీవోడు. ఆయన ఏడిసింది దేనికో నీకూ తెలుసు, నాకూ తెలుసు." ఆవిడ ఊపిరి తీసుకుంది. "నాను గుంటని ఒక్కటే అడుగుతాను. అది సెప్పింది ఇన్నాక రమ్మంటావో ఉండమంటావో నీ ఇట్టం. నాను అడ్డురాను."

ఏం అడుగుతుందో సూర్యానికి తెలుసు. జవాబు కూడా తనకి తెలుసనే అనుకున్నాడు. వెళ్ళి గదిలో పడుకున్నాడు. రాత్రంతా ఇంజను నడిపి వచ్చిన మనిషి, కన్ను మూతపడలేదు. రజని రెండుసార్లు అన్నానికి పిలిచింది. వద్దన్నాడు.

మధ్యాహ్నం రెండున్నరకి, అంటే అక్కడ వాళ్ళు రాత్రి భోజనాలకి కూర్చునే వేళకి, చిలకమ్మ కోడలి చేత వీడియో కాల్ చేయించింది. గదిలోంచి సూర్యం లేచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఫోనుకి కనబడకుండా, తనకి మాత్రం కనబడేలా. అతని పంతం అతనిది!

తెర మీద వెన్నెల ముఖం వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"మామ్మా! నాన్న ఇంకా కోపంగా ఉన్నారా?"

"మీ నాన్న సంగతి తరవాతే. అక్కడున్న అందర్నీ నాకు సూపించు ముందు."

వెన్నెల ఫోను తిప్పింది. సూర్యం మెడ చాపాడు. చాపల మీద, మోకాలెత్తు కూడా లేని బల్ల చుట్టూ, అందరూ నేల మీదే కూర్చుని ఉన్నారు. జుట్టు పూర్తిగా నెరిసిన పెద్దావిడ ఒకరు, చిలకమ్మ కంటే నాలుగేళ్ళు పెద్దే అయి ఉంటుంది. నడివయసు కొడుకు, కోడలు. పెద్దావిడ పక్కనే, ఆవిడ మోచెయ్యి తగిలేంత దగ్గరగా, వెన్నెల కూర్చున్న చోటు. ఆ ఇంట్లో అసలు కుర్చీ అన్నదే లేదు.

"అందరూ కిందేనా?" అన్నాడు సూర్యం, తనకి తెలియకుండానే.

చిలకమ్మ అతనివైపు చూడలేదు. తెర మీద పెద్దావిడ ఫోనుకి వంగి వంగి నమస్కారం చేస్తోంది. చిలకమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. భాష తెలియని ముసలమ్మలిద్దరూ ఒకరి ముఖం ఒకరు కళ్ళారా చూసుకున్నారు. అప్పుడు చిలకమ్మ అడిగింది.

"అమ్మా, నీ గిన్ని ఏరేది అన్నావట కదా. నువ్వు తినీసినాక ఆ గిన్ని ఎవులు కడుగుతారు? కడిగి ఎక్కడెడతారు?"

వెన్నెలకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. అయినా చెప్పింది. "ఒక పూట నేను అందరివీ కడుగుతాను, ఒక పూట వాళ్ళ కోడలు. ఎక్కడ పెడతారంటే... ఉండు, చూపిస్తాను." లేచి వంటింట్లోకి వెళ్ళి చెక్క బీరువా తలుపు తీసింది. ఇంకా వడ్డన కాలేదు, లోపల ఒకే వరసలో గిన్నెలు. "ఇది ఫుమికో గారిది. ఇది వాళ్ళబ్బాయిది, ఇది కోడలిది. ఈ పక్కన ఖాళీ ఉంది చూశావా, అది నాది. నీకు చూపిద్దామని ఇప్పుడే తీశాను." నీలం చేప బొమ్మ ఉన్న చిన్న పింగాణీ గిన్నె ఎత్తి చూపించింది. "ఇక్కడ ఇంట్లో ఎవరి అన్నం గిన్నె వాళ్ళదే మామ్మా. చుట్టాలొస్తే మాత్రం కింద అరలో ఉన్నవి తీస్తారు. మొదట నాకూ అందులోదే ఇచ్చారు. కొన్నాళ్ళకి ఫుమికో గారు బజారుకెళ్ళి ఇది ఏరి తెచ్చారు. ఇంట్లో మనిషికి చుట్టాల గిన్నెలో పెట్టకూడదట."

గుమ్మం దగ్గర సూర్యం తలుపు చెక్క పట్టుకున్నాడు. రజని పరిగెత్తుకొచ్చి భుజం పట్టుకుంది. అంత మనిషీ చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"నాన్నా? నాన్నా ఉన్నారా అక్కడ? ఎందుకేడుస్తున్నారు?"

అతను వచ్చి తల్లి చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. యాభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి, ముందుగా కూతురికే చెప్పాడు.

"నాకు ఏడేళ్ళప్పుడమ్మా. మా నాన్న మమ్మల్ని పెళ్ళికని ఊరు తీసుకెళ్ళాడు. రైల్వే ఖాకీ చొక్కా వేసుకున్నాడు, ఎంత బాగున్నాడో! పాత కామందు కబురు పెట్టాడు, పోలిగాడొచ్చాడట, కూటికి రమ్మనండి అని. లోపల హాల్లో అందరూ పీటల మీద కూర్చున్నారు. మా నాన్న పశువుల పాక దగ్గర కూర్చున్నాడు. చూరులోకి చెయ్యి పెట్టి ఒక సత్తు గిన్నె తీసుకున్నాడు. ఆయన ఊరొదిలి అన్నేళ్ళయినా ఆ గిన్నె అక్కడే ఉందమ్మా. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అందులో తిని, కడుక్కుని, మళ్ళీ చూరులోనే పెట్టాడు. నేను చూస్తున్నానని ఆయనకి తెలుసు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు."

వెన్నెల కదలకుండా వింది. వింటున్నంతసేపూ చేతిలోని గిన్నెని గుండెకి ఆనించుకునే ఉంది.

"పొద్దున్న మీరు గిన్నె గురించి అడిగినప్పుడు... నేను నవ్వాను నాన్నా" అంది చివరికి.

"నీకేం తెలుసమ్మా? నేను చెబితే కదా!" సూర్యం తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఏదీ, చేతులు చూపించు."

వెన్నెల మొహమాటపడుతూ అరచేయి తెరిచి చూపించింది. వేళ్ళ మొదళ్ళలో పొక్కులు చిట్లి, గట్టిపడి, కాయలు కాస్తున్నాయి. సూర్యం ఆ చేతిని చాలాసేపు చూశాడు. వాళ్ళ నాన్న చెయ్యి గుర్తొచ్చింది. ఆ చెయ్యి పట్టుకునే మొదటిసారి ఇంజను ఎక్కాడు తను. ఇన్నాళ్ళూ ఆ కాయల్ని చూసి సిగ్గుపడ్డాడు. ఇప్పుడు కూతురు చేతిలో అవే చూస్తుంటే, ఒట్టు, గర్వం ఆగలేదతనికి.

"మీ తాత ఉండుంటే కాలనీ అంతా తిరిగి చెప్పేవాడు" అన్నాడు.

"ఇప్పుడు మీరు చెప్పండి" అంది వెన్నెల. "టూరు అని కాదు. నాట్లేస్తోందని చెప్పండి."

"చెబుతాను. రేపు పొద్దున్నే పాల బూత్ దగ్గర చెబుతాను."

"మరి ఆదివారం రమ్మన్నారు?"

"ఆదివారం లేదు, ఏమీ లేదు. నాట్లు పూర్తి చేసుకునే రా. బండిని లైను మధ్యలో వదిలేస్తారా ఎవరైనా?"

వెన్నెల ఏడుస్తూ నవ్వింది. ఇంతలో ఫుమికో గారు వెనకనుంచి వచ్చి, పిల్ల భుజం మీద చెయ్యి వేసి ఏదో అడిగింది. వెన్నెల విని ఇటు తిరిగింది. "నాన్నా, మీరు భోజనం చేశారా అని అడుగుతున్నారు."

"పొద్దుట్నించీ మెతుకు ముట్టలేదని సెప్పు" అంది చిలకమ్మ వెంటనే. "మగోడి పంతం అని కూడా సెప్పు!"

రజని నవ్వుతూ వంటింట్లోకి వెళ్ళి కంచాలు తెచ్చి, అలవాటు ప్రకారం బల్ల మీద పెట్టబోయింది. సూర్యం ఆమె చేతిలోంచి కంచాలు అందుకున్నాడు. వంటింట్లోంచి తల్లి దాచుకునే చాప తీసుకొచ్చి, రెండు కుర్చీలు పక్కకి జరిపి, బల్ల పక్కన నేల మీద పరిచాడు. చిలకమ్మ అతని ముఖం వైపు చూసింది.

"ఒరే, ఎనబై కిలోల మడిసివి, మోకాళ్ళు పట్టేత్తాయిరా. బల్ల మీదే కూకో."

"పర్లేదమ్మా. నువ్వు కూర్చో ముందు." ఆవిడ చెయ్యి పట్టుకుని కుర్చీలోంచి దింపి, చాప మీద కూర్చోబెట్టాడు. తను పక్కన చతికిలబడ్డాడు. రజని కూడా వచ్చి కూర్చుంది. ఫోనుని బల్ల కాలికి ఆనించి నిలబెట్టాడు, అక్కడి వాళ్ళందరికీ తామందరూ కనిపించేలా.

చిలకమ్మ కొడుకు కంచంలో అన్నం వడ్డించి, పప్పు పోసింది. అవతల వెన్నెల తన చోట్లో కూర్చుని, నీలం చేప గిన్నె రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ముందు మీరు తినండి నాన్నా" అంది. "మీరు మొదలెడితే నేనూ తింటాను."

సూర్యం ముద్ద కలిపాడు.